కారు పార్టు కొనేటప్పుడు: షోరూందా, కంపెనీదా, లోకలా?

స్విఫ్ట్‌కు ముందు బ్రేక్ ప్యాడ్లు కావాలని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కౌంటరు దగ్గర నిలబడితే ధర చెప్పేముందు కొట్టాయన ఒకటే అడుగుతాడు: "ఒరిజినలా, కంపెనీదా, లోకలా?" చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఒరిజినల్ అంటే మంచిది, లోకల్ అంటే దొంగది అనుకుని మధ్యలోదాన్ని పట్టించుకోరు. నిజానికి మార్కెట్లో ఉన్నవి మూడు కాదు, నాలుగు రకాలు. నాలుగోదాని పేరు కౌంటరు మీద ఎవరూ ఎత్తరు.

మొదటిది షోరూం పార్టు, కౌంటరాయన 'ఒరిజినల్' అనేది దీన్నే. కారు కంపెనీ తన పెట్టెలో పెట్టి, తన పార్టు నంబరు వేసి అమ్మేది. మారుతీకి ఎంజీపీ (మారుతీ జెన్యూన్ పార్ట్స్), హ్యుందాయ్‌కి మోబిస్, టాటాకు టాటా జెన్యూన్ పార్ట్స్. అయితే కారు కంపెనీలు ప్లగ్గులు, బేరింగులు, ఫిల్టర్లు దాదాపుగా బయట తయారీదార్ల దగ్గరే చేయించుకుంటాయి. ఆ తయారీదారు అదే రకం సరుకును తన సొంత పెట్టెలో అమ్మితే అది రెండో రకం, కౌంటరు భాషలో 'కంపెనీ మాల్'. బాష్, డెన్సో, వాలియో, లూక్, గేబ్రియల్, ఎస్‌కేఎఫ్, ఎన్‌జీకే, లూమాక్స్ ఈ కోవలోవి. మూడోది చిన్న తయారీదార్లు తమ పేరుతో, తమ చిరునామాతో తక్కువ ధరకు చేసే సరుకు. దీన్నే లోకల్ అంటారు. ఇది నాసిరకం అయితే కావచ్చు, దొంగసరుకు మాత్రం కాదు. నాలుగోది డూప్లికేటు. ఇంకొకరి పేరు, ఇంకొకరి హోలోగ్రామ్ తగిలించుకున్నది. అడిగితే అదీ 'ఒరిజినలే' అంటారు.

ఎంపిక చేసుకోవాల్సింది మొదటి మూడింట్లోనే, అదీ పార్టును బట్టి. డూప్లికేటును పట్టుకోవడం పూర్తిగా వేరే పని. ఈ రెండు పనులనూ కలిపేసుకోవడం వల్లే ఏసీ ఫిల్టరుకు షోరూం ధర కట్టినవాళ్లే బ్రేక్ ప్యాడ్లు సగం ధరకు దొరికాయని సంబరపడుతుంటారు.

ఏ పార్టుకు ఏ రకం

ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: దారి మధ్యలో ఈ పార్టు పోతే ఏమవుతుంది?

ఏసీ క్యాబిన్ ఫిల్టరు పోతే దుమ్ము వస్తుంది, అంతే. వైపర్ బ్లేడ్లు, మడ్‌గార్డ్ లైనింగు, డోరు బీడింగు, నంబర్ ప్లేటు బల్బు కూడా అలాంటివే. పేరున్న ఏ కంపెనీదైనా, కొలత సరిపోతే మంచి లోకల్‌దైనా ఫరవాలేదు. వీటికి షోరూం ధర పెట్టడం దండగ.

రోజూ అరిగే పార్టులకు, అంటే ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ సెట్, షాక్ అబ్జార్బర్లు, వీల్ బేరింగులు, ఆల్టర్నేటరు బెల్టు లాంటివాటికి, కంపెనీ మాల్ అన్నిటికన్నా లాభసాటి. అసలు కారులో వచ్చిన క్లచ్ లూక్‌దో వాలియోదో తెలిస్తే అదే పేరున్న పెట్టె కొనుక్కోవచ్చు. అది తెలుసుకోవడానికి విప్పిన పాత పార్టును చూస్తే చాలు. కారు కంపెనీ ముద్ర పక్కనే తయారీదారు పేరో గుర్తో తరచూ ఉంటుంది. మెకానిక్ పాత పార్టు పారేయకముందే ఫోటో తీసుకోండి.

షోరూంకే వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు, ఏబీఎస్ యూనిట్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఇమ్మొబిలైజరు తాళం (దొంగ తాళంతో ఇంజిన్ స్టార్ట్ కానివ్వనిది), ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు). ఇవి ఆ కారుకే సెట్ చేసి ఉంటాయి. బయట చౌకగా దొరికితే దాని వెనుక ఏదో కథ ఉన్నట్టే. టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే బెల్టు) విషయంలో షోరూందీ, పేరున్న కంపెనీ కిట్టూ రెండూ మంచివే, మూడో మాట వద్దు. డస్టర్ డీజిల్ లాంటి ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, హెడ్డు మొత్తం విప్పాల్సివస్తుంది. బెల్టు ఒక్కటే మార్చి పాత టెన్షనరును (బెల్టును బిగువుగా ఉంచే భాగం) వదిలేయడం కూడా దాదాపు అంతే ప్రమాదం. టెన్షనరు, రోలరుతో కలిపి కిట్టుగా తీసుకోండి. వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే అయితే దాన్నీ అప్పుడే మార్చేయాలి.

బాడీ పార్టుల లెక్క వేరు. లోకల్ బంపరు, ఫెండరు దొరుకుతాయి, ధర తక్కువ, కానీ బోల్టు రంధ్రాలు రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటాయి. బిగించడానికి డెంటరు తీసుకునే అదనపు కూలీ కలిపితే మిగిలేది కొంచెమే. ముందు అద్దం మార్చేటప్పుడు మూలనున్న ముద్రలో ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు ఐఎస్ 2553 అన్న సంఖ్య చూడండి. ముందు అద్దం లామినేటెడ్‌దే అయి ఉండాలి.

దుకాణానికి వెళ్లేముందే పార్టు నంబరు

'స్విఫ్ట్ ప్యాడ్లు' అని అడిగితే కౌంటరాయన తన దగ్గరున్నది ఇస్తాడు. స్విఫ్ట్ ఎన్నిసార్లు మారిందో, ఏ ఏడాది ఏ క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) వచ్చిందో చూసుకోవాల్సింది మనమే. ఆర్‌సీ మీదున్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఇస్తే షోరూం స్పేర్స్ కౌంటరులో కచ్చితమైన పార్టు నంబరు, ఎమ్మార్పీ చెబుతారు. అక్కడే కొనాలని నియమమేమీ లేదు, కానీ ఆ రెండూ తెలిశాక బయట మోసపోవడం కష్టం.

నంబరులో కొంత అర్థం ఉంటుంది. మారుతీ నంబరులో మొదటి ఐదు అంకెలు పార్టు ఏమిటో చెబుతాయి: 16510 ఆయిల్ ఫిల్టరు, 13780 ఎయిర్ ఫిల్టరు, 55810 ముందు ప్యాడ్లు. తర్వాత వచ్చే ఎం, దాని వెంట ఉన్న అంకెలు ఏ మోడలుదో చెబుతాయి. హ్యుందాయ్‌లోనూ ఇదే పద్ధతి: 26300 ఆయిల్ ఫిల్టరు, 58101 ముందు ప్యాడ్లు, 97133 క్యాబిన్ ఫిల్టరు. పెట్టె మీద బొమ్మ ఎయిర్ ఫిల్టరుది, నంబరు ఇంకేదో అయితే ఆ పెట్టెను నమ్మొద్దు. చివరి రెండు మూడు అక్షరాలు మారినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. కంపెనీ పాత నంబరు తీసేసి కొత్తది ఇస్తుంటుంది. ఏది దేనికి బదులు వచ్చిందో షోరూం కౌంటరులో తెలుస్తుంది.

పెట్టె చెప్పేది కొంతే

హోలోగ్రామ్ ఉంది కదా అనుకోవద్దు. హోలోగ్రామ్ స్టిక్కర్లు అచ్చు వేయడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. అసలు పెట్టెలోనే నకిలీ పార్టు పెట్టి అమ్మడం ఇంకా సులువు, ఎందుకంటే గ్యారేజీల్లో ఖాళీ పెట్టెలు కుప్పలుగా పడి ఉంటాయి. అందుకే పెట్టెను తోసిపుచ్చడానికి వాడండి, నమ్మడానికి వాడొద్దు. పెట్టెలో తప్పు కనిపిస్తే పార్టు వద్దు. తప్పు లేకపోతే పరీక్ష ఇంకా అవ్వలేదని అర్థం.

2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం పెట్టె మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, లోపలున్న పార్టుల సంఖ్య, అన్ని పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదులకు ఫోను నంబరు ఉండాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, ఏ దేశానిదో కూడా ఉండాలి. డూప్లికేటు చేసేవాడికి చిరునామా దగ్గరే చిక్కు. అది లేకుండా వదిలేస్తాడు, లేదా పిన్‌కోడుకూ ఊరుకూ పొంతన ఉండదు. ధర స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు ఉన్నంత మాత్రాన నకిలీ అనేయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి అప్పటిదాకా 28 శాతం ఉన్న కారు పార్టుల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. పాత నిల్వ మీద తగ్గిన ధర అతికించి అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చారు. ఎమ్మార్పీ పెరిగినట్టు అతికిస్తే మాత్రం అది వేరే సంగతి.

క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే తెరుచుకున్న పేజీ అందంగా ఉందా అని కాదు, దాని వెబ్ అడ్రసు ఎవరిదో చూడండి. కంపెనీ పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయిన అడ్రసులు ఉంటాయి. కంపెనీకి సొంత యాప్ ఉంటే అందులోంచే స్కాన్ చేయడం మేలు. ఎస్‌కేఎఫ్ బేరింగుల కోసం అలాంటి యాప్ ఉంది. ఫోటోలు పంపితే వాళ్ల మనుషులే చూసి చెబుతారు. స్కాన్ చేసినప్పుడు 'ఈ కోడు ఇంతకుముందే స్కాన్ అయింది' అని వస్తే ఆ పెట్టె అక్కడే వదిలేయండి.

ఇక ధర. షోరూం పార్టు మీద బయటి కౌంటర్లు ఇచ్చే తగ్గింపు కొద్దిగానే ఉంటుంది, ఎందుకంటే వాళ్లకు మిగిలేదే కొంచెం. ఎంజీపీ పెట్టె సగం ధరకు వస్తోందంటే ఎక్కడ తగ్గించారో ఆలోచించండి. కంపెనీ మాల్‌కు ఈ సూత్రం పనికిరాదు. వాటి ఎమ్మార్పీనే ఎక్కువ వేసి, మూడోవంతు దాకా తగ్గించడం ఈ వ్యాపారంలో మామూలే.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

బ్రేక్ ప్యాడ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. ప్యాడు వెనుక ఇనుప రేకు మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, రెండు అక్షరాల రాపిడి కోడు సాధారణంగా అచ్చు వేసి ఉంటాయి. కోడులో మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక ఉండే పట్టు. 'ఈ' అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. 'ఎఫ్-ఎఫ్' ఉంటే వేడిలోనూ పట్టు నిలుస్తుంది. 'ఎఫ్-ఈ' ఉంటే వేడెక్కేకొద్దీ పట్టు జారుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఈ తేడా తెలియదు, నిండా మనుషులతో తిరుమల ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. కోడే లేని ప్యాడు వద్దు.

తర్వాత అంచులు. రాపిడి పదార్థానికీ రేకుకీ మధ్య గోరు దూరేంత సందు ఉండకూడదు. అంచును గోటితో గీకితే పొడి రాలకూడదు. నాలుగు ప్యాడ్ల మందం ఒకేలా ఉండాలి, చాలా కార్లకు కొత్త పదార్థం 10 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, 3 మిల్లీమీటర్లకు వచ్చాక మార్చేయాలి. పాత ప్యాడుకు వెనుక పలుచటి షిమ్ రేకు, అరుగుదల చెప్పే చిన్న ఇనుప నాలుక ఉంటే కొత్తదానికీ ఉండాలి. రేకు అంచులు కోసినట్టు గరుకుగా ఉన్నా, తుప్పు మీద రంగు పూసినట్టున్నా అది వద్దు. రేకు కొలత కొద్దిగా ఎక్కువైతే ప్యాడు బ్రాకెట్లో ఇరుక్కుపోతుంది. అప్పుడు బ్రేకు వదిలినా ప్యాడు వెనక్కి రాదు, ఒకవైపు డిస్కు కాలుతుంది, బండి ఆ పక్కకు లాగుతుంది. మెకానిక్ అప్పుడు ఆకురాయి తీసి రేకు అరగదీస్తాడు. అది చూశాక ప్యాడు గురించి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. వేశాక బండి కదిలించకముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి. ఆపైన ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నుంచి 10 దాకా మెల్లగా పదిసార్లు తగ్గించాలి, ప్రతిసారీ అరనిమిషం గాలి తగలనివ్వాలి, పూర్తిగా ఆపకూడదు. ఇది చేయకపోతే మంచి ప్యాడు కూడా కీచుమంటుంది, తప్పు కంపెనీ మీదకు పోతుంది.

బ్రేక్ ఆయిల్ చిన్న డబ్బాలో సీలు ఊడనిదే కొనండి. డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్‌కు, డాట్ 3 కనీసం 205 డిగ్రీలకు మరగాలి. గాలిలో తేమ పీల్చుకునేకొద్దీ ఆ అంకె పడిపోతుంది, అందుకే షాపులో తెరిచి ఉంచిన డబ్బాలోంచి పోయించుకోవద్దు.

ఆయిల్ ఫిల్టరు పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, మోసం లోపల ఉంటుంది. టార్చి వేసి అడుగు చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోకి చూడండి. వాటి వెనుక రబ్బరు పొర కనిపించాలి, సన్నటి పుల్లతో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి రావాలి. ఇంజిన్ ఆపాక ఆయిల్ కిందికి జారిపోకుండా ఆపేది అదే. అది గట్టిగా ఉన్నా, లేకపోయినా పొద్దున్నే స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు టకటకమని చప్పుడు వస్తుంది, ఆయిల్ లైటు ఆరడం ఆలస్యమవుతుంది. లోపలి కాగితం మడతలు తక్కువగా ఉన్నాయా, ఫిల్టరు పూడుకుపోతే ఆయిల్‌కు దారిచ్చే బైపాస్ వాల్వు ఉందా అన్నది పైనుంచి తెలియదు. అనుమానంగా ఉంటే సర్వీసులో విప్పిన ఫిల్టరును కోయించి చూడండి, ఆ షాపులో మళ్లీ కొనాలా వద్దా తేలిపోతుంది. బిగించేటప్పుడు వాచరుకు ఆయిల్ రాసి, అది తగిలాక చేత్తో ముప్పావు చుట్టు చాలు.

ప్లగ్గుల్లో నకిలీలకు ప్రసిద్ధి ఎన్‌జీకే పేరుకే, ఎందుకంటే జనం అడిగేదీ అదే. దారాల మీదున్న వాచరు తిరగాలి, కానీ ఊడి రాకూడదు. నకిలీలో చేతికే ఊడివస్తుంది. దారాలు నునుపుగా ఉండాలి, ఆరుపలకల దగ్గర లాట్ నంబరు స్పష్టంగా అచ్చై ఉండాలి, మధ్య ఎలక్ట్రోడు (నిప్పురవ్వ పుట్టే కడ్డీ) సరిగ్గా మధ్యలో ఉండాలి. ఇరిడియం ప్లగ్గు కొన మొద్దుగా ఉండదు, అరమిల్లీమీటరు అటూ ఇటూ మందంలో సూదిలా ఉంటుంది. మల్టీమీటరు ఉంటే ఇంకో పరీక్ష: పేరులో ఆర్ ఉన్న ప్లగ్గులో, ఉదాహరణకు బీకేఆర్6ఈ, లోపల రెసిస్టరు ఉంటుంది. పై మొననుంచి మధ్య ఎలక్ట్రోడుకు దాదాపు 5 కిలోఓమ్‌లు చూపాలి. సున్నా చూపిస్తే పేరులో ఆర్ అబద్ధం. నకిలీ ప్లగ్గు మిస్‌ఫైర్ అయితే కాలని పెట్రోలు సైలెన్సరులోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది. ప్లగ్గుల మీద మిగిల్చిన వందలు అక్కడ వేలుగా పోతాయి.

వీల్ బేరింగు మీద గుర్తులు లేజరుతో సన్నగా, సమంగా ఉంటాయి. లోతుగా గుద్దినట్టో, తుడిస్తే పోయే సిరాలోనో ఉంటే అనుమానించండి. ఏబీఎస్ ఉన్న కార్లలో చాలావాటికి బేరింగు ఒక పక్క సీలులోనే అయస్కాంత వలయం ఉంటుంది, గుండుసూది పెడితే మెల్లగా అంటుకుంటుంది. పాతదానికి అంటుకుని, కొత్తదానికి రెండు పక్కలా అంటకపోతే ఆ బేరింగు మీ కారుది కాదు. ఆ పక్క సెన్సరు వైపు రాకుండా తిప్పి కొడితే మంచి బేరింగుకూ ఏబీఎస్ లైటు వెలుగుతుంది, అది సరుకు తప్పు కాదు.

షాక్ అబ్జార్బరు రాడ్డు అద్దంలా మెరవాలి, దాని మీద వేలు జార్చితే గీత తగలకూడదు. నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదిలాక ప్రయాణం పొడవునా ఒకే బరువుతో కదలాలి; మధ్యలో ఖాళీగా జారితే వద్దు. ఎప్పుడూ జతగానే మార్చాలి.

బ్యాటరీలో నకిలీ కన్నా పాతబడిన సరుకే ఎక్కువ బాధ. అమరాన్ తిరుపతి పక్క కరకంబాడిదే అయినా, దుకాణం మూలన ఆరు నెలలు చార్జింగు లేకుండా కూర్చుంటే లాభం లేదు. తయారీ తేదీ అడగండి, మీటరు పెట్టించండి: 12.6 వోల్టులు ఉండాలి, 12.4 కన్నా తక్కువైతే ఇంకోటి తీయమనండి. వారంటీ కార్డు మీది సీరియల్ నంబరు, బ్యాటరీ మీదిది ఒకటేనా చూడండి. ఉచితంగా మార్చే నెలలు ఎన్ని, తగ్గింపు మాత్రమే ఇచ్చే నెలలు ఎన్ని అని విడిగా అడగండి. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్టయ్యే కార్లకు మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా చస్తుంది, ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం అనే, మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే రకమే కావాలి.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మూత రింగు తిప్పితేనే తెగాలి, లోపల సీలు రేకు సమంగా అతుక్కుని ఉండాలి, డబ్బా మీద బ్యాచ్ నంబరు చెరిగిపోయి ఉండకూడదు. చిన్న పెట్రోలు ఇంజిన్‌కు పట్టేది దాదాపు మూడు, మూడున్నర లీటర్లు. దీనికోసం డ్రమ్ములోంచి లూజు ఆయిల్ పోయించుకోవడం అనవసర సాహసం. దగ్గర్లో పెట్రోలు బంకులో ఆ కంపెనీ డబ్బాలు దొరికితే అక్కడే కొనండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బీఎస్6 డీజిల్‌కు బూడిద తక్కువగా వదిలే ఆయిలే వాడాలి. మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదార్ల ఆయిల్ ప్రమాణం) సీ2 అనో సీ3 అనో రాసి ఉంటుంది. అసలు ఆయిలే అయినా ఆ రకం కాకపోతే డీపీఎఫ్ పూడుకుపోతుంది.

ఆటోనగర్‌లో పాత పార్టులు

విప్పిన కార్ల పార్టులు ఐదో దారి, కొన్నిటికి అన్నిటికన్నా మంచి దారి. డోరు, డిక్కీ, సైడు అద్దం, హెడ్‌లైటు, సీటు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్, ఇవి కొత్త లోకల్ కన్నా పాత షోరూంవే బాగా కుదురుతాయి. ఆల్టర్నేటరు, స్టార్టరు మోటారు కూడా బెంచి మీద తిప్పి చూపిస్తే తీసుకోవచ్చు. బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ రాడ్లు, సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ మాత్రం పాతవి ముట్టుకోవద్దు. సైలెన్సరు, సస్పెన్షన్ ఆర్ములు విశాఖ, కాకినాడ వైపు తిరిగిన బండివైతే ఉప్పుగాలి తుప్పు ఎంత లోపలికి పోయిందో రంగు గీకి చూడాలి. పాత ఇంజిన్ కొంటే బిల్లు, దాని తాలూకు బండి కాగితాలు చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. ఆ నంబరు ఆర్టీఏ దగ్గర మీ ఆర్‌సీలో ఎక్కాలి. లేకపోతే దొంగబండి ఇంజిన్ మీ బోనెట్ కింద తేలవచ్చు, బీమా క్లెయిమూ ఇరుక్కుంటుంది.

బిల్లు, ఆ తర్వాత

బిల్లు మీద పార్టు నంబరు, బ్రాండు పేరు రాయించండి. 'బ్రేక్ ప్యాడ్ సెట్ 1' అని మాత్రమే ఉంటే రేపు ఏమీ నిరూపించలేరు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అన్నచోట తగ్గేది జీఎస్టీ ఒక్కటే కాదు, వెనక్కి ఇచ్చే హక్కు కూడా. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. మొదటి రెండంకెలు తెలంగాణ దుకాణానికి 36, ఆంధ్రప్రదేశ్ దుకాణానికి 37. జీఎస్టీ పోర్టల్లో ఆ నంబరు కొడితే దుకాణం పేరు వస్తుంది.

నకిలీ అని తేలితే పార్టు, పెట్టె, బిల్లు మూడూ దాచి, ఫోటోలు తీసి ముందు ఆ బ్రాండు కంపెనీకి రాయండి. తమ పేరు వాడుకుంటున్నవాళ్లను పట్టుకోవడం వాళ్లకే ఎక్కువ అవసరం. దుకాణం డబ్బు తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. నకిలీ ట్రేడ్‌మార్కు సరుకు అని తెలిసి అమ్మడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరం: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా.

పని పూర్తయ్యాక గ్యారేజీ నుంచి పాత పార్టు, కొత్త పార్టు వచ్చిన పెట్టె రెండూ అడిగి తెచ్చుకోండి. వారంటీ నడిచినంతకాలం పెట్టెను ఇంట్లో ఉంచి, తర్వాత లేబుల్ అడ్డంగా చింపి పారేయండి. ఖాళీ ఆయిల్ డబ్బాకైతే అక్కడికక్కడే స్క్రూడ్రైవరుతో అడుగున రంధ్రం పొడవండి.